సగం కోర్టు, సగం కల్లం

మొన్నీమధ్య మా ఊరి కాలేజీవాళ్లు నున్నటి కాగితం మీద ఒక సంచిక అచ్చేశారు. అట్ట మీద కంప్యూటర్ల బొమ్మ, లోపల పెద్దల శుభాకాంక్షలు, ఆటల గురించి అరపేజీ. ఆ అరపేజీలో ఒక వాక్యం ఉంది: ఒకప్పటి మిరప కల్లమే నేటి మన బాస్కెట్‌బాల్ కోర్టు అని. చదవగానే చేతిలో ఉన్న టీ గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టాను. టీ ఒలికి సంచిక తడిసింది. తడవనీ. తలకిందుల మాట రాసిన కాగితానికి అంతకంటే మర్యాద అక్కర్లేదు.

కల్లం కోర్టు కాలేదు. కోర్టే కల్లమైంది. ఈ రెంటికీ ఉన్న తేడా ఆ రాసినాయనకు తెలియదు. తెలిసినవాళ్లం ఇంకా బతికే ఉన్నామన్న సంగతి కూడా తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను మూడో తరగతితో బడి మానినవాణ్ని. చదువంతా ఉల్లిగడ్డలు కట్టిచ్చిన పేపరు ముక్కల మీద, పాత పుస్తకాల మీద నేర్చుకున్నదే. తల్లాడ దాటి కొత్తగూడెం పోయే రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట మా ఊరు. కాలేజీ గేటుకు ఎదురుగా నాది సైకిల్ టాక్సీ షాపు. గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చేవాణ్ని. ఎనభైల మొదట్లో ఒకరోజు కాలేజీ డ్రిల్లు సారు మెత్తబడ్డ బంతి ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు, గాలి కొట్టమని. కొట్టాను. కొట్టినవాణ్ని ఊరుకోక, ఇదేం ఆట సారూ అని అడిగాను. ఆయన రూల్సు పుస్తకం నా చేతిలో పెట్టాడు. అది ఇంగ్లీషు పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ వానాకాలమంతా కూడబలుక్కుని చదివాను. కొన్ని రూల్సు అర్థమయ్యాయి, కొన్ని నాకు నచ్చినట్టు అర్థమయ్యాయి. పుస్తకం పూర్తయ్యేసరికి కాలేజీ జట్టుకు స్కోరరును నేనే. ఎవరూ నియమించలేదు. వేరే ఎవరూ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు, అంతే.

డ్రిల్లు సారు గురించి చెప్పాలి. వరంగల్ దిక్కు మనిషి, సన్నగా, మెడలో ఎప్పుడూ విజిలు. తాత్కాలికం అని చెప్పి తీసుకున్న ఉద్యోగంలో ఏళ్ల తరబడి తాత్కాలికంగానే ఉన్నాడు. ఎవరేమన్నా 'సరే సార్' అనేవాడు. ఆయన 'కాదు' అనగా నేను వినలేదు. ఆయనకున్న ఆస్తల్లా ఆ సిమెంటు కోర్టు, దాని రెండు కొసల్లో రెండు ఇనప స్తంభాలు, వాటికి రెండు రింగులు.

ఆ నేల ఇచ్చింది కాలేజీ కమిటీ ప్రెసిడెంటు గారు. వాళ్ల నాయన కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్న కుటుంబం. పెద్ద మిరప రైతు. నేల ఇచ్చేటప్పుడు, ఆటకు అడ్డం లేనప్పుడు నా కాయ ఆరబోసుకుంటానని ఒక మాట అని ఉంచాడు. అప్పుడది ఉత్త మట్టి నేల. తర్వాత కాలేజీవాళ్లు చందాలు పోగుచేసి కోర్టు కట్టి సిమెంటు చేయించారు. సిమెంటు నేల మీద కాయ ఎంత నీటుగా ఆరుతుందో ఆ యేడు ఆయన చూశాడు. చూసిన తర్వాత మనిషి మనసు మనిషి దగ్గర ఉండదు.

ఒక పొద్దున బండ్ల మీద మిరపకాయ వచ్చి కోర్టులో దిగింది. డ్రిల్లు సారు పరుగెత్తుకుంటూ పోయాడు.

"కంగారు పడకండి మాస్టారూ," అన్నాడు ప్రెసిడెంటు గారు. "నేనేం అన్యాయస్తుణ్ని కాను. ఆటకి సగం, కాయకి సగం. మధ్యలో గీత మీరే గీసిపెట్టుకున్నారు కదా!"

"సరే సార్," అన్నాడు డ్రిల్లు సారు.

కోర్టు మధ్య గీత ఎందుకుంటుందో నేను రూల్సు పుస్తకంలో చదివాను. అందులో మిరపకాయ ఊసు లేదు. ఆ మాటే అనబోతే సారు నా మోచెయ్యి గిల్లాడు.

అప్పటి నుంచి ప్రతి చలికాలం, మొదటి కోత దిగింది మొదలు కాయ బస్తాలకెక్కేదాకా, పడమటి సగం ఎర్రగా కల్లం, తూర్పు సగం తెల్లగా కోర్టు. కల్లానికి కావలి ఒక అవ్వ. ఆమె చేతిలో వెదురు కర్ర, నోట్లో అంతకంటే పొడుగైన మాట. బంతి పొరపాటున గీత దాటి కాయల్లో పడితే ఆమె దాన్ని చీర కొంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"అవ్వా, బంతియ్యవే," అని పిల్లలు బతిమాలేవాళ్లు.

"ఎందుకియ్యాలె? మీ బంతి కింద ఎన్ని కాయలు చితికినయో జూస్తివా? గింజలన్ని రాలిపాయె. ఏరు. ఏరినంక ఇస్త."

ఏరేవాళ్లు. కాలు గీత దాటితే కర్ర మడమ మీద పడేది. "ఓరి నీ కాళ్లిరగ! తినే కాయ మీద కాలు పెడితివారా!" అనేది. దెబ్బకంటే ఆ మాటకే పిల్లలు ఎక్కువ జంకేవాళ్లు. వాళ్లంతా రైతుల బిడ్డలు, కూలోళ్ల బిడ్డలు. పంట మీద కాలు పెట్టడం వాళ్ల ఇళ్లలో కూడా తప్పే.

ఈ కాపలాలో మా జట్టు ఒక కొత్త ఆట నేర్చుకుంది. బంతి నేలకు కొడితే ఎటు ఎగురుతుందో, ఏ కాయ మీద పడుతుందో అన్న భయంతో నేలకు కొట్టడమే మానేశారు. చేతి నుంచి చేతికి, చేతి నుంచి చేతికి, ఆఖరికి రింగులోకి. దూరం నుంచి వచ్చిన సార్లు చూసి ఇదేం ఆట అని నవ్వేవాళ్లు. నాకైతే మగ్గం మీద నాడె అటూ ఇటూ తిరిగినట్టుండేది. జట్టులో పొట్టోడు ఒకడుండేవాడు. వాడు తూర్పుకు చూస్తూ ఉత్తరానికి బంతి ఇచ్చేవాడు. జన్మలో రెండో మూడో బాస్కెట్లు వేసుంటాడు కానీ, మిగతావాళ్లు వేసినవన్నీ వాడి చేతి నుంచి వచ్చినవే. కెప్టెన్ పొడుగోడు. అడవి పక్క గూడెం నుంచి నడిచి వచ్చేవాడు. చిన్నప్పటి నుంచి జొన్నచేను మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్లు విసిరి పిట్టల్ని కొట్టిన చెయ్యి వాడిది. ఎంత దూరం నుంచైనా భుజం మీదుగా ఒక్క విసురు విసిరితే బంతి రింగుకు తగలకుండా వలలో పడేది. పేపర్లలో గొప్పగా రాసే ఆటగాళ్లను తర్వాత చాలామందిని టీవీలో చూశాను. వాళ్లలో ఒక్కడైనా వడిసెల పట్టినట్టు కనిపించలేదు.

నేను చెప్పబోయే యేడు మిరప విరగకాసింది. సగం కోర్టు చాలలేదు ప్రెసిడెంటు గారికి. కాలేజీల మధ్య జరిగే పోటీలు ఆ చలికాలంలోనే మొదలవుతాయి. మొదటి రౌండులో నాలుగు మ్యాచులు. మ్యాచులకు వారం ముందు ఆయన వచ్చి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఈ స్తంభాలు దేనికి?"

"ఆటకు సార్."

"ఆట ఎప్పుడన్నా గెలిచారా?"

సారు మెడలో విజిలు సర్దుకున్నాడు. నిరుడు మేం గెలిచింది లేదు.

"ఎకరానికి ఎంత కాయ దిగుతుందో నేను చెప్పగలను. మీ స్తంభాలకి ఏం దిగుతుందో మీరు చెప్పలేకపోతున్నారు. సరే, ఒక పని చేద్దాం. ఈ నాలుగింట్లో మూడు గెలవండి. కోర్టు మొత్తం మీది, నా కాయ ఇంకో చోట పోసుకుంటా. గెలవలేదా, స్తంభాలు పీకించేస్తా. నేల చదునుగా ఉంటుంది."

"సరే సార్," అన్నాడు సారు.

"ఏం సరే?" అని నేను లేచాను. "కోర్టు పోతే డ్రిల్లు సారు ఎందుకు? ఆయన ఉద్యోగం..."

"అదే కదా నేనూ ఆలోచిస్తున్నది," అన్నాడు ప్రెసిడెంటు గారు చాలా మర్యాదగా. అని వెళ్లిపోయాడు.

మొదటి మ్యాచు మధిరలో. కాయ లేని నిండు కోర్టు. మావాళ్లు చూసి కళ్లు తిప్పుకోలేకపోయారు. ఆట మొదలైంది. బంతి మా చేతికొచ్చింది. పొట్టోడి నుంచి జట్టులో ఉన్న ఒక్క ఎడమచేతివాడికి, వాడి నుంచి పొడుగోడికి, ముచ్చటగా ముందుకు పోయారు. మధ్య గీత దగ్గరకు వచ్చారు. ఆగిపోయారు.

నిజంగా ఆగిపోయారు. బస్సు బ్రేకు వేసినట్టు ఐదుగురూ గీత ముందర నిలబడి, బంతి ఒకరికొకరు ఇచ్చుకుంటున్నారు. ఎదుటి జట్టువాళ్లు ఇదేదో ఎత్తుగడ అనుకుని దగ్గరికి రాకుండా చూస్తున్నారు. పది సెకండ్లలో గీత దాటాలని రూలు. రెఫరీ విజిలు కొట్టి బంతి వాళ్లకిచ్చేశాడు. వాళ్లు వచ్చి బాస్కెట్ వేసుకున్నారు. మళ్లీ బంతి మాకు. మళ్లీ గీత. మళ్లీ విజిలు.

"ఏందిరా!" డ్రిల్లు సారు అరిచాడు. "గీత మీద ఏమన్న ముగ్గేసిండ్రా? దాటుండ్రి!"

"దాటుతున్నం సార్!" అన్నాడు పొట్టోడు, అక్కడే నిలబడి.

చూసేవాళ్లలో ఒకడు గట్టిగా అన్నాడు: "అది దాటితే వీళ్లకు ఊర్ల జుర్మానా ఏస్తరేమోరా!"

యాభై నాలుగు, పందొమ్మిది. ఆ పందొమ్మిది కూడా పొడుగోడు గీత ఇవతల నుంచి వడిసెల విసురు విసిరి తెచ్చినవే ఎక్కువ. నేను ఫలితం రాసి పేపరు ఆఫీసుకు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. మూడో రోజు అచ్చయింది, కబడ్డీ అన్న శీర్షిక కింద. పోయిన మ్యాచు పోయింది, ఆట పేరు కూడా పోయింది. నేను ఘాటుగా ఉత్తరం రాశాను. వాళ్లు దాన్ని పాఠకుల వంటింటి చిట్కాల పక్కన కూడా వేయలేదు.

తిరుగు బస్సులో, వైరా దాటాక పొడుగోడే నోరు విప్పాడు.

"కాలు పడ్తలేదు సార్. గీత దాటంగనే కాయల మీద తొక్కుతున్నట్టే అన్పిస్తంది. మడమ గుంజుకుంటది."

"నాక్కూడ గట్లనే," అన్నాడు ఎడమచేతివాడు. "అవ్వ ఎన్కల నిలబడ్డట్టే ఉంటది."

ఇంక మూడు మ్యాచులు. మూడింటికి మూడూ గెలవాలి. సారు ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు. నాకు మాత్రం కోపం కాలి నుంచి నెత్తికెక్కింది. బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా కల్లం దగ్గరికి పోయాను. అవ్వ ఒంటరిగా, నడుం పట్టుకుని, పొడుగాటి కర్రతో కాయ తిరగేస్తోంది.

"నీ కర్ర మహిమకు మా జట్టు నాశనమైంది," అన్నాను.

"నా కర్రేం జేసింది? నీ జట్టుల మొగోళ్లు లేరా?"

నేను చెప్పాల్సిందంతా చెప్పాను. స్తంభాలు పీకడం సంగతి, సారు ఉద్యోగం సంగతి. ఆమె విని, కర్ర నేలకు ఆనించింది.

"నాకు కూలోళ్లు దొర్కుతలేరు," అంది. "అందరు కాయ తెంపుడుకే వోతున్నరు. పొద్దున కాయ పర్వాలె, మధ్యాన్నం తిర్గెయ్యాలె, పొద్దుగూకే యాల్లకు కుప్ప జెయ్యాలె, పట్టా కప్పాలె. ఒక్కదాన్ని సస్తున్న. మీ పోరగాండ్లను పంపు. పని జల్దీ అయితే నాలుగ్గొట్టంగనే కుప్ప జేపిస్త. ఎన్క కోర్టంత మీదే, చీకటి వడేదాంక ఎగురుండ్రి."

"ప్రెసిడెంటు గారు చూస్తే?"

"ఆయన పొద్దుగాల అస్తడు. సాయంత్రం ఇక్కడ నేనే ప్రెసిడెంటును."

అలా మా జట్టు మిరప కూలీ అయింది. పొద్దున కాలేజీకి ముందు కాయ పరచడం, మధ్యాహ్నం అన్నం బెల్లులో తిరగేయడం, నాలుగింటికి కుప్ప చేయడం. ఆకాశంలో మబ్బు ముక్క కనిపిస్తే చాలు, క్లాసులో కూర్చున్నవాళ్లు కూడా లేచి కల్లానికి పరుగెత్తేవాళ్లు. సారు కూడా పంచె బిగించి దిగేవాడు. లెక్చరర్లు ముక్కుకు రుమాలు కట్టుకుని ఫిర్యాదు చేశారు, ఈ ఐదుగురు క్లాసులోకి వస్తే అందరికీ తుమ్ములొస్తున్నాయని. చెయ్యి కంట్లో పెట్టుకోకూడదన్న జ్ఞానం జట్టుకు మొదటి రోజే వచ్చింది. పొట్టోడికి రెండో రోజు కూడా వచ్చింది. కానీ కాయ కుప్పగా పక్కకు చేరిన తర్వాత, ఖాళీ అయిన పడమటి సగంలో మొదటిసారి కాళ్లు పెట్టి పరుగెత్తినప్పుడు చూడాలి వాళ్లను. కట్లు విప్పిన దూడల్లా గీత అవతలికీ ఇవతలికీ గంతులేశారు. అవ్వ కూడా పక్కన కూర్చుని, "దాటు కొడుకా, దాటు, ఏం గాదు," అనేది.

రెండో మ్యాచు మా ఊళ్లోనే, భద్రాచలం నుంచి వచ్చిన జట్టుతో. పొద్దున్నే కాయ తీసి ఊడ్చాం. ఊడ్చినా ఘాటు ఎక్కడికి పోతుంది? సిమెంటు గరుకులో దూరి కూర్చుంది. బంతి నేలను తాకినప్పుడల్లా ఆ కారం కాస్త ఎత్తుకునేది. మావాళ్లు నేలకు కొట్టరు. వాళ్లు కొడతారు. కొట్టి, అదే చేత్తో నుదుటి చెమట తుడుచుకున్నారు. సగం ఆట కాకముందే వాళ్ల జట్టంతా కళ్లనీళ్లు పెట్టుకుంది. పుణ్యక్షేత్రం నుంచి వచ్చినవాళ్లు కదా, భక్తి అనుకున్నారు చూసేవాళ్లు.

వాళ్ల డ్రిల్లు మాస్టరు మా బల్ల దగ్గరికి వచ్చాడు. "ఇది ఆటనా, పోపు పెడుతున్నరా?"

"రూల్సులో ఘాటు ఫౌలని ఎక్కడుందో చూపించు," అన్నాను పుస్తకం ముందుకు తోసి.

ఆయన చూపించలేకపోయాడు, తుమ్మాడు. నలభై ఒకటి, ముప్పై మూడు. మేం గెలిచాం. గీత దాటి గెలిచాం. ఘాటు వల్ల గెలిచారని అన్నవాళ్లకు ఒకటే చెబుతాను: ఆ రోజు సగం ఆటకు వైపులు మారినా, పొడుగోడు రెండు రింగుల్లోనూ సమానంగా వేశాడు. ఘాటుకు గురి చూడడం రాదు.

మూడోది కొత్తగూడెంలో. అక్కడ ఘాటు లేదు, బొగ్గు ఉంది. డ్యూటీ దిగిన గని కార్మికులు కోర్టు చుట్టూ గోడ కట్టినట్టు నిలబడ్డారు. మేం రింగు కిందికి పోయేసరికి ఎదుటివాళ్లు తుమ్మడం మొదలుపెట్టారు. నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, అవ్వ ముందురోజు మావాళ్ల బనియన్లు ఉతికి, ఎండ బాగా తగులుతుందని మిరప కుప్ప మీద ఆరేసింది.

"మిర్చి టీం వచ్చిందిరో!" అని కార్మికులు కేకలు. "దగ్గరికి వోకుండ్రి, మామిడికాయ ముక్కలైతరు!"

కేకలతో మొదలుపెట్టినవాళ్లే ఆఖరికి మావైపు తిరిగారు. ఎవడు ఆడతాడో గుర్తుపట్టే కళ్లు వాళ్లవి. పొట్టోడు వెనక్కి చూడకుండా వెనకున్న ఎడమచేతివాడికి బంతి ఇచ్చినప్పుడు ఒక పెద్దాయన తువ్వాల గాల్లోకి విసిరాడు. ముప్పై ఎనిమిది, ముప్పై ఆరు. తిరుగు బస్సులో సారు మొదటిసారి విజిలుతో పాట ఊదాడు. డ్రైవరు ఆపమనేదాకా ఊదాడు.

నాలుగో మ్యాచు మా ఊళ్లో, ఖమ్మం నుంచి వచ్చిన పెద్ద కాలేజీ జట్టుతో. ఇది గెలిస్తే మూడు. కోర్టు మాది, సారు ఉద్యోగం సారుది. మా మీద ఫిర్యాదులు వెళ్లాయి కాబట్టి రెఫరీ ముందే షరతులు పెట్టాడు. కోర్టు నీళ్లతో కడగాలి, జట్టు సబ్బుతో స్నానం చేయాలి, బనియన్లు వేరేచోట ఆరాలి. అన్నీ చేశాం. కాయంతా పడమటి స్తంభం వెనక, గీతల బయట, పెద్ద కుప్ప పోశాం. ఎండ బాగా ఉంది, పట్టా కప్పలేదు. ప్రెసిడెంటు గారు ఆ కుప్ప పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లు సగం ఆట మీద, సగం కాయ మీద.

ఆ రోజు ఆట గురించి రాయాలంటే ఇంకో పుస్తకం కావాలి. వాళ్లు పొడుగరులు, బూట్లున్నవాళ్లు. మావాళ్లలో బూట్లున్నది ఇద్దరికే. అయినా ఎక్కడా విడిచిపెట్టలేదు. వాళ్లు రెండు వేస్తే మేం రెండు. రెండో సగంలో మబ్బు పట్టింది. నేను వాచీ చూసుకుంటున్నాను, ఆకాశం చూడలేదు. ఆఖరి నిమిషం. నలభై నాలుగు, నలభై మూడు. ఒక్క పాయింటు మేం ఎక్కువ. బంతి పొడుగోడి చేతిలో. ఇంకేం చేయనక్కర్లేదు, చేతి నుంచి చేతికి ఇచ్చుకుంటే చాలు. అందులో వాళ్లను మించినవాళ్లు జిల్లాలో లేరు.

అప్పుడు నా స్కోరు కాగితం మీద రూపాయి బిళ్లంత చినుకు పడింది.

"వానరో కొడుకా!" అవ్వ గొంతు.

ఏం చెప్పను? పొడుగోడు బంతిని చాలా జాగ్రత్తగా, పసిపిల్లను పడుకోబెట్టినట్టు, మధ్య గీత మీద పెట్టాడు. పెట్టి పరుగెత్తాడు. వాడి వెనక పొట్టోడు, ఎడమచేతివాడు, మిగతా ఇద్దరు. ఐదుగురూ కుప్ప మీద పడ్డారు.

"మ్యాచురా! మ్యాచు!" నేను బల్ల ఎక్కి అరిచాను. "సారూ, పిలువుండ్రి వాళ్లను!"

సారు ఏడీ? పట్టా కొస పట్టుకుని అందరికంటే ముందు ఉన్నది ఆయనే.

కోర్టులో ఖమ్మం జట్టు ఒక్కటే నిలబడి ఉంది. వాళ్ల కెప్టెన్ మంచివాడిలాగే ఉన్నాడు, బంతివైపు చూసి రెఫరీని అడిగాడు: "సార్, ఆడాల్నా?"

"నేను విజిల్ కొట్టలేదు," అన్నాడు రెఫరీ.

వాడు బంతి తీసుకుని ఒక్కడే పోయి వేశాడు. తడిసిన బంతి, జారింది. మళ్లీ వేశాడు. రింగుకు తగిలి వెనక్కి వచ్చింది. అడ్డుకునేవాడు ఒక్కడూ లేడు, చూసేవాళ్లంతా చెట్ల కిందికి ఉరుకుతున్నారు, నేనొక్కణ్నే బల్ల మీద తడుస్తూ నిలబడి, వేయకురా నాయనా, వేయకు అని వాణ్ని బతిమాలుతున్నాను. మూడోసారి పడింది. వాచీ చూశాను. అయిపోయింది. నలభై ఐదు, నలభై నాలుగు.

రెఫరీతో వాదించాను. జట్టు లేకుండా ఆట ఎలా సాగుతుంది అన్నాను. వానలో గొడుగు కింద ఆయన నా పుస్తకమే తెరిచి, నాకు నచ్చినట్టు అర్థమైన రూల్సులో ఒకదానికి సరైన అర్థం చెప్పాడు. ఆ సంగతి ఇక్కడితో వదిలేద్దాం.

ఆ పక్క గాలి లేచింది. పట్టా తెరచాపలా ఉబ్బి, పొట్టోణ్ని రెండడుగులు లేపింది. పొడుగోడు దాని తాడు పట్టుకుని స్తంభం మీదికి ఎగబాకి రింగు కింద కట్టాడు. ఎడమచేతివాడు రెండో తాడు స్తంభం కాలికి చుట్టాడు. పట్టా నిలబడింది. దాని కింద కాయ ఒక్కటి తడవలేదు. ప్రెసిడెంటు గారు మాత్రం పూర్తిగా తడిసి, కుర్చీ నెత్తిన పెట్టుకుని చూస్తున్నాడు.

పేపరులో వచ్చింది: ఆఖరి నిమిషంలో మైదానం వీడి పారిపోయిన జట్టు అని. పారిపోయారట! నా జన్మలో నేను చదివిన అన్ని అబద్ధాల్లోకి అది పెద్దది. పారిపోయేవాడు బంతిని పసిపిల్లలా పడుకోబెట్టి పోతాడా?

మర్నాడు పొద్దున ప్రెసిడెంటు గారు వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, వాళ్ల చేతుల్లో గడ్డపారలు. జట్టంతా వరసగా నిలబడింది. సారు మెడలోంచి విజిలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నిన్న మీరు చేసింది నేను మర్చిపోను," అన్నాడు ప్రెసిడెంటు గారు. "కానీ మాట మాటే. రెండే గెలిచారు."

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అవ్వ తెరిచింది.

"పీకుండ్రి అయ్యగారు, పీకుండ్రి. ఇయ్యాల మల్ల మబ్బు వట్టింది. పట్టా తాడు దేనికి గడ్తరు? నా మెడకు గట్టుండ్రి!"

గడ్డపారలు గాల్లోనే ఆగాయి. ప్రెసిడెంటు గారు పడమటి స్తంభం వైపు చూశాడు. ఇంకా దానికి కట్టి ఉన్న పట్టా వైపు చూశాడు. తర్వాత నడుచుకుంటూ తూర్పు స్తంభం దగ్గరికి పోయి, దాన్ని రెండు చేతులతో ఊపి చూశాడు. కదల్లేదు. ఆయన ముఖంలో వెలుగు వచ్చింది.

"మాస్టారూ, ఇది కూడా ఇంత గట్టిదేనా?"

"సిమెంటు వోసి పాతినం సార్."

"అయితే రెండో కుప్ప ఇక్కడ పోయొచ్చు." మనుషుల్ని వెనక్కి పంపేశాడు. "స్తంభాలు ఉంటాయి. పోటీ ఓడిపోయారు కాబట్టి కాయ కూడా ఉంటుంది. సాయంత్రం కుప్ప చేశాక మీ ఎగురుడు మీరు ఎగరండి. పట్టాల బాధ్యత మాత్రం మీదీ, మీ జట్టుదీ. దానికొక మనిషి కావాలి కదా, మీరుండండి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎంత చక్కటి ఆట! ఆ చేతుల నుంచి ఆ చేతులకు బంతి పోయిన తీరుకు ఈ కోర్టు మిగలాలి. ఖమ్మం జట్టును ఒక్క పాయింటు దాకా తరిమినందుకు మిగలాలి. తాడు కట్టుకోవడానికి గుంజగా మిగలడమేమిటి? "ఇదేం న్యాయం..." అని మొదలుపెట్టాను. సారు నా చొక్కా వెనక నుంచి గట్టిగా గుంజాడు.

"అన్నా, నీకు దండం బెడ్త. ఊకో. స్తంభాలున్నయి గద!"

ఊరుకున్నాను. అప్పుడు ఊరుకున్నదే ఇప్పుడు రాస్తున్నాను.

ప్రెసిడెంటు గారు వెళ్లబోతూ ఆగి, మెడ పైకెత్తి రింగును చూశాడు. "మాస్టారూ, ఈ ఇనప చక్రం బాగా ఎత్తులో ఉంది. తాడు కట్టాలంటే మనిషి ఎగబాకాల్సి వస్తోంది. ఒక మూడడుగులు కిందికి దింపించండి."

నేను సారు నోటి వైపు చూశాను. ఆ నోట్లోంచి రాబోయే రెండు మాటలు నాకు ఏళ్లుగా తెలుసు.

"దింప సార్," అన్నాడు డ్రిల్లు సారు.

ప్రెసిడెంటు గారు సరిగా వినలేదేమో అనుకున్నట్టు చెవి ఇటు తిప్పాడు.

"పది అడుగులుంటేనే అది బాస్కెట్‌బాల్ సార్. అంగుళం గూడ దింప. కావాల్నంటే నన్ను తీసెయ్యుండ్రి, రింగు మాత్రం ఆడ్నే ఉంటది." విజిలు జేబులోంచి తీసి మెడలో వేసుకున్నాడు.

ప్రెసిడెంటు గారు రింగును చూశాడు, సారును చూశాడు, మబ్బును చూశాడు.

"అయితే నిచ్చెన కొందాం," అన్నాడు.

ఆ యేడు మా కాలేజీ ఆటల సామాను కింద కొన్నది అదొక్కటే.